పదహారో గడి

రాతి క్వారీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైపోయినవాళ్ళకి గుర్తింపు పత్రం ఇచ్చేది ఆ కేంద్ర ప్రభుత్వ కార్యాలయమే. పత్రం ఉంటేనే పెద్దాసుపత్రిలో మంచం, ఇంటికి ఆక్సిజన్ యంత్రం. లేకపోతే దగ్గుకుంటూ కూర్చోవడమే. అలాంటి ఫైళ్ళ మీద టీ గ్లాసులు పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మహానుభావులు అక్కడ ఒకరా ఇద్దరా! జనం చెప్పులరిగేలా తిరిగేవాళ్ళు.

అది చూస్తే హెడ్ క్లర్కుకి ఒళ్ళు మండేది. ఆయన పద్ధతి వేరు. దరఖాస్తులో పదహారో గడి ఉంది, క్వారీ రిజిస్ట్రేషన్ నంబరు. ఎప్పుడో మూతపడిన క్వారీకి నంబరు ఎక్కణ్ణించి తెస్తారు? అందుకని పాత మేస్త్రీకి ఫోన్ చేసి, తోటి కూలీలు ఇద్దర్ని పిలిపించి, వాళ్ళ చేత సంతకాలు పెట్టించి, గడి పక్కన ‘విచారించగా నిజమని తేలింది’ అని రాసి పైకి పంపేవాడు. ఇలా రాయమని ఏ నిబంధనలోనూ లేదు. రాయొద్దనీ లేదు.

సంస్కరణల సంఘం వచ్చి సిబ్బందిని సలహాలడిగినప్పుడు, ఇరవై ఆరేళ్ళ కడుపుమంటంతా ఒక్క కాగితం మీద కక్కేశాడు. ఏ దరఖాస్తూ బల్ల మీద ఆగకూడదు. ఏ గడి ఖాళీగా ఉన్నా అదే రోజు తిప్పి పంపాలి. ఎవరి ఇష్టాయిష్టాలకూ తావుండకూడదు. సంఘానికి తెగ నచ్చింది. అక్షరం పొల్లుపోకుండా కంప్యూటర్లో పెట్టించారు. ఆ రోజు హెడ్ క్లర్కు కాళ్ళు నేల మీద ఆనలేదు. పక్కవాళ్ళ సోమరితనాన్నే తలుచుకుంటూ రాసిన మనిషికి, తను గడి పక్కన రాసే మాట కూడా ఇష్టాయిష్టాల కిందకే వస్తుందని తట్టలేదు. తెలివైనవాళ్ళకి తట్టనివి ఇలాంటివే.

కొత్త పద్ధతి వచ్చిన రెండో నెలలో ఆయన బావ దరఖాస్తు పెట్టాడు. అమ్మానాన్నలు పోయాక హెడ్ క్లర్కు పెరిగింది అక్కాబావల దగ్గరే. రోజంతా రాళ్ళు కొట్టి వచ్చిన బావ, పిల్లాడు చదువుకుంటున్నాడని గుమ్మం బయటే దుమ్ము దులుపుకుని, చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చేవాడు. ఆ దుమ్మే ఇప్పుడు గుండెల్లో గడ్డకట్టింది. బావ పనిచేసిన క్వారీ కూడా ఎప్పుడో మూతపడింది. దరఖాస్తు అదే రోజు తిరిగొచ్చింది, పదహారో గడి ఖాళీ అని. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

ఆయన డైరెక్టరు గదికి వెళ్ళి ఆ గడి సంగతి చూడమని బతిమాలాడు. డైరెక్టరు చెడ్డవాడు కాదు, మెత్తగానే చెప్పాడు.

“మీరు రాసిచ్చిందే కదండీ. మీ బంధువు కోసం మీరే మార్చమంటే ఎలా?”

హెడ్ క్లర్కు తిరిగొచ్చిన దరఖాస్తు తీసుకుని బయటికి నడిచాడు.

ఆ వారంలోనే అక్క ఆఫీసుకొచ్చింది. బావ మంచం దిగలేకపోతున్నాడని, పక్కింటామెని కాసేపు కూర్చోమని చెప్పి వచ్చానని అంది. కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

“తిప్పి పంపేవాడెవడో ఒక్కసారి చూపించు తమ్ముడూ. గొడవేం చెయ్యను. మీ బావ పరిస్థితి చెప్పుకుంటాను, అంతే.”

ఎవరో పై అధికారి అని చెప్పి తప్పించుకోవచ్చు. పెంచిన మనిషి మొహం చూస్తూ అబద్ధమాడటానికి ఆయనకి నోరు రాలేదు.

“మనిషెవరూ లేరక్కా. కంప్యూటరే పంపేస్తుంది. అలా పంపమని రాసిచ్చింది నేనే.”

అక్క సంచీలోంచి కాగితాలు తీసి, ఒక్కొక్కటే ఆయన బల్ల మీద పరిచింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

“మీ బావ క్వారీలో చేశారని నీకు తెలుసు కదరా.”

“తెలుసక్కా.”

“ఆ మాట రాయడానికి చోటు లేదా అందులో?”

“లేదు. నేనే తీసేయించాను.”

ఆమె కాగితాలు సంచీలో సర్దుకుని లేచింది. ఆయనా వెంట నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అంది.

“మీ బావకి ఇదేం చెప్పకు. తమ్ముడు చూసుకుంటున్నాడన్న ధైర్యంతోనే ఉన్నారు.”

ఆదివారం హెడ్ క్లర్కు వెళ్ళి బావ మంచం పక్కన కూర్చున్నాడు. బావకి మాట్లాడాలంటే ఆయాసం, కళ్ళతోనే అడిగాడు. పని జరుగుతోందని చెప్పాడు హెడ్ క్లర్కు. బావ ఆయన చెయ్యి పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, తొందరేం లేదులే అన్నాడు.