తెర మీద బరువు

బీరువా జానెడు పక్కకు జరగాలా వద్దా అన్న దాని మీద శనివారం పొద్దున్నే ఆ ఇంట్లో అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది.

బీరువా తలుపు తీసినప్పుడల్లా అది స్విచ్చుబోర్డుకు కొట్టుకుంటోందని కోడలి బాధ. కరెంటు పోయినా తడుముకుంటూ వెళ్లి తాళం తీసే అలవాటు తనదని అత్తగారి పంతం.

"నువ్వు జరిపితే నేను గోడను తడుముకోవాలి."

"గోడ కూడా మీకు కొత్తేం కాదు కదా అత్తయ్యా."

"మాటకు మాట! కాలేజీలో ఇదేనా నేర్పింది?"

"కాదండీ, ఇది పెళ్లయ్యాక నేర్చుకున్నాను."

పక్కగదిలోంచి ఫక్కున నవ్వు వినిపించింది. నవ్వినవాడు కోడలికి మరిది. ఇంట్లో అందరికీ చిన్నోడు. సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరి, వంతెనల శిక్షణలో మొదటివాడిగా నిలిచి, నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. ఆ శిక్షణ ఇచ్చేది ఊరి చివరి సైనిక బడిలో. అక్కడ పాఠం చెప్పేది స్వయానా అతని అన్న, అంటే ఆమె భర్త. అందుకే వీధివీధంతా ఆయన్ని మాస్టారు అనే పిలుస్తుంది. సోమవారం చిన్నోడు నది ఎగువకు బయల్దేరాలి. అక్కడ వరదకు వంతెన కొట్టుకుపోయింది. ఆస్పత్రి అవతలి గట్టున ఉండిపోయింది. ఇనుప వంతెన వేసే జట్టుకు చిన్నోడే నాయకుడు.

"నేనుండగా మీకు గొడవెందుకు? పట్టు వదినా," అంటూ వచ్చి బీరువాకు ఒక పక్కన వంగాడు.

ఆ ఇంట్లో బరువెత్తడానికి ఒక పద్ధతి ఉంది. వంతెనకు వాడే ఇనుప చట్రాన్ని ఆరుగురు మోస్తారు. ఎత్తేముందు నాయకుడు "ఉన్నారా" అంటాడు. ఒక్కొక్కడూ "ఉన్నా" అనాలి. ఆరో గొంతు వినపడేదాకా ఎవరూ ఎత్తకూడదు. దించేటప్పుడూ అంతే. ఒకడు తొందరపడి వదిలితే పక్కవాడి వేళ్లు చట్రం కింద నలిగిపోతాయి. మాస్టారు ఈ అలవాటును గ్యాస్ సిలిండర్ దాకా తెచ్చిపెట్టారు. కాపురానికొచ్చిన కొత్తలో దుప్పటి మడతపెడుతూ "ఉన్నావా" అని అడిగితే, ఆమె పడీపడీ నవ్వింది. ఇప్పుడా మాట ఆమెకు ఊపిరి తీసినంత సహజం.

ఆమె బీరువా అడుగున వేళ్లు దూర్చి, "ఉన్నా," అంది.

"ఎక్కడున్నావేంటి వదినా, కనపడుతూనే ఉన్నావుగా!" అని నవ్వుతూ చిన్నోడు తనవైపు ఒక్క ఊపులో ఎత్తేశాడు. ఎత్తినంత తేలిగ్గా వదిలేశాడు కూడా. వెంట్రుకవాసిలో ఆమె వేళ్లు బయటపడ్డాయి.

"అయ్యో! తగిలిందా?"

"లేదులే," అంది ఆమె. వేళ్లకు తగల్లేదు గానీ, లోపలెక్కడో తగిలింది. బ్యాచ్‌లో మొదటివాడు. ఆ బడిలో అడుగుపెట్టినవాడు రోజుకు వందసార్లు అనాల్సిన మాట వీడికి తెలియదా?

ఆ అనుమానం చెవిలో జోరీగలా చేరింది. బట్టలు నానబెడుతుంటే చిన్నోడి శిక్షణ దుస్తులు చేతికొచ్చాయి. చొక్కాను వెలుగుకు పట్టుకుని చూసింది. చట్రాన్ని మోసే కడ్డీ ఆనే చోట, భుజం దగ్గర, గుడ్డ కొత్తదిలా నిగనిగలాడుతోంది. ఎక్కడా గ్రీజు మరక లేదు. పక్కనే మాస్టారి ప్యాంటు. ఒకప్పుడు ఆయన బట్టలు ఉతకాలంటే ఆమె నడుం విరిగేది. ఎంత బాదినా మోకాళ్ల దగ్గర బురద వదిలేది కాదు. ఈ మధ్య చాకిరీ తగ్గిందని హాయిగా ఊపిరి పీల్చుకుందే తప్ప, ఎందుకు తగ్గిందని ఏనాడూ అడగలేదు.

మధ్యాహ్నం, కూరగాయలు తెస్తానని సంచీ పుచ్చుకుని బయల్దేరింది. కూరగాయల కొట్టు వీధి మొదట్లోనే ఉంది. ఆమె ఊరి చివరి దాకా నడిచింది.

సైనిక బడి కంచె అవతల, నది ఒడ్డున, ఇనుప చట్రాలు దొంతరలుగా పడి ఉన్నాయి. వాటి సందుల్లోంచి గడ్డి మొలిచింది. ఒక దొంతరకు పేరు తెలియని తీగ అల్లుకుని, చక్కగా నీలంపూలు పూసింది. సుత్తి చప్పుడు లేదు, కేకలు లేవు.

"మాస్టారి కోసమా అమ్మా? లోపల ఏసీ గదిలో ఉన్నారు. పిలవమంటారా?" అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

"వద్దులే బాబూ. ఈ చట్రాలు తీసి ఎన్నాళ్లయింది?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "క్రేను వేరే చోటికి పోయింది. చట్రాలు మోయించి పని నేర్పే పాత ఉస్తాదులు ఒక్కొక్కరే రిటైరైపోయారు. ఇప్పుడంతా కంప్యూటర్లేనమ్మా. నేను చెప్పానని అనకండి."

సాయంత్రం చిన్నోడికి టీ ఇచ్చి, తనూ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"వంతెన ఎలా కడతారో నాకూ చెప్పరాదూ? మీ అన్నయ్యను అడిగితే విసుక్కుంటారు."

"ఓస్, అదెంత వదినా! మౌస్‌తో చట్రాన్ని పట్టుకుని లాగుతాం. సరైన చోటికి రాగానే టిక్కుమని కూర్చుంటుంది. చట్రాలను కలిపే పిన్ను కూడా అంతే. నాకు ఒక్క తప్పూ పోలేదు తెలుసా!"

"మరి బరువు?"

"తెర మీద పక్కనే రాసుంటుంది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది.

మాస్టారు ఇంటికొచ్చి, పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నారు. తువ్వాలు అందిస్తూ సూటిగా అడిగేసింది. "చిన్నోడు ఒక్క చట్రమైనా మోశాడాండీ?"

"ఎవరు చెప్పారు నీకు?"

"మోశాడా అంటే మోశాడనో లేదనో చెప్పాలి. ఎవరు చెప్పారని అడుగుతారేంటి? తమ్ముడని మొదటి ర్యాంకు మీరే ఇచ్చేశారా?"

"ఛ! వాడికి వచ్చింది నిజంగానే." ఆయన ముఖం తుడుచుకుంటూ తువ్వాలు వెనకే ఉండిపోయారు. "ఆ ఆటలో."

"అంటే జట్టు మొత్తం ఇంతేనన్నమాట."

"మూడు వారాల శిక్షణను పైవాళ్లు మూడు రోజులకు కుదించేశారే! అడిగితే, యుద్ధాలు మారాయి, వంతెనలు ఎవడికి కావాలి అన్నారు. పాస్ చేయమన్నారు, చేశాను. మేం మాత్రం బడిలోనే అంతా నేర్చుకున్నామా? జట్టులో పాతవాళ్లను చూసి నేర్చుకున్నాం. వీళ్లూ అంతే అనుకున్నాను."

"ఆ జట్టులో పాతవాడెవరు?"

మాస్టారు తువ్వాలు తీగ మీద ఆరేశారు. అది జారితే మళ్లీ ఆరేశారు. 'ఇంతకాలం నా దగ్గర దాచిన మనిషి, రేపు ఇంకేం దాచబోతున్నాడో' అనుకుంటూ ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. అత్తగారు చిన్నోడి కంచంలో కూర మీద కూర వేస్తున్నారు.

"తిను నాయనా. అంతమందికి నాయకుడివి, ఒంట్లో సత్తువుండాలి. పక్కింటావిడకు చెప్తే నోరెళ్లబెట్టింది."

"ఆవిడకే కాదు, కూరగాయలవాడికి కూడా చెప్పింది అమ్మ," అన్నాడు చిన్నోడు, లోలోపల మురిసిపోతూ.

మాస్టారు కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశారు.

"చిన్నోడు నాయకుడిగా వెళ్లడు," అన్నారు.

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "అదేం మాటరా?"

"తినగానే మా బడి పెద్ద, కమాండెంట్ గారింటికి వెళ్తున్నాను. నేను పాస్ చేసిన బ్యాచ్‌లో ఒక్కడికీ వంతెన వేయడం రాదని చెప్తాను. రిటైరైన ఉస్తాదుల్లో నలుగురు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను పిలిపించమంటాను. జట్టు ముందు నేనుంటాను. వీడు మోసేవాళ్లలో ఒకడిగా వస్తానంటే రమ్మనండి."

"అన్నయ్యా! నా పరువేం కావాలి?" అన్నాడు చిన్నోడు. "నాకు ఒక్క తప్పూ పోలేదు!"

"తప్పు నీది కాదురా. అక్కడ తప్పు పోతే నీళ్లలో పడేది నువ్వూ, నీ వెనక ఉన్నవాళ్లూ."

"మరి నీ ఉద్యోగం?" అన్నారు అత్తగారు నీరసంగా.

"ఉంటే ఉంటుంది. పోతే పోతుంది."

అంతా విని, ఆమె భర్త కంచంలోకి మరికాస్త కూర వడ్డించింది.

"కమాండెంట్ గారి గేటు దాకా నేనూ వస్తాను," అంది.

"ఎందుకు? నా మీద నమ్మకం లేదా?"

"ఇప్పటికైతే లేదండీ. చెప్పి బయటికొచ్చాక చూద్దాం. ముందు మీరు తినండి, చల్లారిపోతోంది."