అరవై ఏళ్ల రేపు

ఒక పుస్తకాన్ని తొమ్మిదిసార్లు చదివి, తొమ్మిదిసార్లూ ఒంటరిగా నవ్వుకోవడం ఎంత కష్టమో సోనీని అడగాలి. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల. పుస్తకమేమో ఫుట్‌పాత్ మీద కొన్న, అట్ట ఊడిన నవల. అందులో శివయ్య అనే మనిషి ఏదో గ్రహానికి వెళ్లి, నల్లా కనెక్షన్ కోసం రోబో గుమాస్తాల చుట్టూ తిరుగుతుంటాడు. అమ్మ రాహేలుకు చదివి వినిపిస్తే, ఆస్పత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి, రెండో పేజీకే గుర్రు పెట్టింది. తమ్ముడు సాగర్ బుద్ధిగా విని, "ఇది పరీక్షల వస్తదా అక్కా?" అన్నాడు. తనతోపాటు ఒక్కరంటే ఒక్కరు నవ్వితే చాలని సోనీ ఆశ. అదేమంత గొంతెమ్మ కోరిక కాదు, అయినా తీరలేదు.

తొమ్మిదోసారికి కుట్లు తెగి కాగితాలు ఊడొచ్చాయి. సోనీ వాటిని చున్నీలో మూటగట్టి, సైదాబాద్‌లో బస్సెక్కి, హుస్సేనీ ఆలంలో పుస్తకాలకు జిల్దులు కట్టే అబ్దుల్ వాహెద్ దుకాణానికి తీసుకెళ్లింది. ముసలాయన కళ్లద్దాల మీదుగా చూసి, "రేపు రా బిడ్డా" అన్నాడు.

మర్నాడు వెళ్లి చూస్తే సోనీకి ఏడుపొక్కటే తక్కువ. ఎర్రటి అట్ట, గట్టి కుట్టు, అన్నీ బాగున్నాయి. కుట్టు మాత్రం కుడివైపు ఉంది.

"చాచా, ఇది ఉల్టా అయింది. తెలుగు పుస్తకానికి కుట్టు ఎడమ దిక్కుంటది."

వాహెద్ నాలుక కరుచుకున్నాడు. "నలభై ఏండ్ల సంది ఉర్దూ కితాబులే కుడుతున్న. చెయ్యి గట్లనే పోయింది. మాఫ్ చెయ్యి బేటా."

అప్పటికప్పుడే దారాలు కోసేశాడు. కోసినవాడు ఫ్యాన్ ఆపాలి కదా, ఆపలేదు. కాగితాలు దుకాణమంతా ఎగిరాయి. పేజీ నంబర్లేమో అంచులు సమం చేసినప్పుడే తెగిపోయాయి. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.

"ఫికర్ చెయ్యకు చాచా, నాకు మొత్తం నోటికొస్తది," అని సోనీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక కాగితంలో చివరి మాట చూస్తే చాలు, దాని తర్వాతి కాగితమేదో చటుక్కున పట్టేస్తోంది. ఒకచోట ఆపుకోలేక ఫక్కున నవ్వింది.

"ఏముందందుల?" అన్నాడు వాహెద్.

సోనీ ఇరుకున పడింది. ఇది ఈయనకే చదవాలా అనుకుంది. అయినా చదివింది. శివయ్య దరఖాస్తు ఇస్తే రోబో గుమాస్తా "రేపు రండి" అంటుంది. శివయ్య సంతోషంగా బయటికొచ్చి వాకబు చేస్తే తెలుస్తుంది, ఆ గ్రహంలో ఒక రోజంటే మన లెక్కన అరవై ఏళ్లని.

వాహెద్ చేతిలో సూది ఆగింది. రోజుకు పదిమందికి "రేపు రా" చెప్పే మనిషాయె. కోపమొచ్చిందేమోనని సోనీ తల దించుకుంది. మెల్లగా తలెత్తి చూస్తే ఆయన భుజాలు ఊగుతున్నాయి. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, "అరవై ఏండ్లా," అని మళ్లీ నవ్వాడు. సోనీకి కడుపు నిండిపోయింది. ఇన్నాళ్లూ ఒక్కతే నవ్విన చోట ఇప్పుడు ఇంకో మనిషి కూడా ఉన్నాడు.

ఆ రోజు చదివిన పేజీల వరకే కుట్టి, "మస్తు పనుంది, రేపు రా" అన్నాడు. మర్నాడూ అదే వరస. కాలేజీ వదలగానే సోనీ వెళ్లడం, చదవడం, ఆయన అంతవరకే కుట్టడం. ఐదో రోజు చూస్తే, నిన్న లేని మదర్సా పుస్తకాలు ఇరవై, జిల్దులతో నిగనిగలాడుతూ బల్ల మీద ఉన్నాయి. తన పుస్తకం మాత్రం సగం దగ్గరే ఉంది. సంగతి అర్థమైంది గానీ సోనీ అడగలేదు. అడిగితే ఆయన సిగ్గుపడి ఆ పూటే కుట్టిచ్చేస్తాడు.

తొమ్మిదో రోజు శివయ్య నల్లాలో నీళ్లొచ్చాయి, కథ అయిపోయింది. కుట్టు ఈసారి ఎడమవైపే ఉంది. వాహెద్ పుస్తకాన్ని చేతిలో పెడుతూ, "అయిపాయె బేటా" అన్నాడు. గొంతులో దిగులు దాచుకోలేకపోయాడు. సోనీకీ బెంగగానే ఉంది.

ఆమె పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు లాగి చూసింది. "నాకు నమ్మకం లేదు చాచా. గిది వదులుగున్నది. మొత్తం విప్పి మళ్ల కుట్టాలె."

నలభై ఏళ్లలో ఆయనను ఆ మాట అన్నవాళ్లు లేరు. వాహెద్ తన కుట్టును ఒకసారి చూశాడు, పిల్లను ఒకసారి చూశాడు. పుస్తకం వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టి, నిటారుగా కూర్చుని, అచ్చం రోబో గుమాస్తా గొంతుతో,

"రేపు రండి," అన్నాడు.