మీటకు కట్టిన నిమ్మకాయ

వినుకొండ దగ్గరి ప్రైవేటు ట్రాక్‌లో పాత కార్ల రేసు పదకొండు గంటలకు. పది ఇరవైకి తనిఖీ అధికారి శాంతి ముప్పై ఏడో నంబరు కారు దగ్గర ఆగింది. 1962 నాటి కారు. నడిపేది సత్తెనపల్లి మిర్చి వ్యాపారి యలమందయ్య. వయసు అరవై నాలుగు. అరవై ఐదు నిండితే ఇక్కడ రేసుకు రానివ్వరు. ఆయనకు ఇదే ఆఖరి రేసు, అదీ తనిఖీలో పాసైనట్టు శాంతి స్టిక్కరు అంటిస్తేనే.

ముందు అద్దం కింద, బయటివైపు, ఎర్ర మీట ఉంది. ప్రమాదం జరిగితే బయటివాళ్లు దాన్ని తిప్పి ఇంజను ఆపాలి. ఆ మీటకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు ఇనప తీగతో కట్టి ఉన్నాయి.

"ఇది విప్పండి."

"నిన్ననే పెదకాకాని గుడిలో పూజ చేయించానమ్మా. రేసయ్యేదాకా విప్పకూడదు."

"మీట తిరుగుతుందా?"

"తిరక్కేం? చూసుకోండి."

మెకానిక్ రంజాన్ నవ్వాడు. "బ్రేకులు నాకొదిలేశాడు మేడం, మిగతాది దేవుడికి."

"నోర్ముయ్యరా."

యలమందయ్య కార్లో కూర్చుని, బెల్టులు బిగించుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. ఇక దిగే పరీక్ష: ఇంజను ఆపగానే పది సెకన్లలో ఆయన బెల్టులు విప్పుకుని బయటికి రావాలి. శాంతి స్టాప్‌వాచ్ నొక్కింది. రంజాన్ మీట తిప్పాడు. అది సగంలో ఆగింది. తీగ బిగుసుకుంది. ఇంజను ఆగలేదు.

బానెట్ సందులోంచి పొగ వచ్చింది. పెట్రోలు వాసన.

"తాళం తిప్పండి!" రంజాన్ అరిచాడు. ఇంజను మోతలో యలమందయ్యకు వినపడలేదు. ఆయన రెండు చేతులూ బెల్టు బకిల్ మీదే ఉన్నాయి. అది ఊడిరావటం లేదు.

శాంతి మిరపకాయలు తెంపేసింది. తీగ మెలి విప్పింది. వేలు తెగింది. మీట తిరిగింది. ఇంజను ఆగింది.

యలమందయ్య దిగేసరికి నలభై ఒక్క సెకన్లు.

కార్బురేటర్ పైపు పగిలి, పెట్రోలు సైలెన్సర్ గొట్టం మీద పడుతోంది. రంజాన్ పది నిమిషాల్లో పైపు మార్చాడు. ఈసారి మీట పూర్తిగా తిరిగింది. దిగే పరీక్షకు ఇంకొక్క అవకాశం ఉంది.

పన్నెండు సెకన్లు.

"రెండు సెకన్లేగా మేడం," అన్నాడు రంజాన్.

శాంతి స్టిక్కర్లు సంచిలో పెట్టేసింది.

"ఊరుకోరా. పొగ చూశావుగా," అన్నాడు యలమందయ్య. హెల్మెట్ తీసి సీట్లో పెట్టాడు. తర్వాత పక్కనున్న ముప్పై ఎనిమిదో నంబరు కారు వైపు చూశాడు. దాని మీటకూ నిమ్మకాయ వేలాడుతోంది.

"ఏమయ్యా, తీగతో కట్టావా?" అని దాని డ్రైవర్ని అడుగుతూ వంగి, మెలి విప్పటం మొదలుపెట్టాడు.