దావీదురాజు చెప్పిన అర్థం

ఎర్రగుంట్ల పక్కన నాపరాళ్ల గనిలో బండ విరిగి మీద పడి కంబన్న చనిపోయాడు. నెల తిరిగేసరికి మద్రాసు కంపెనీ ఒక ఇంగ్లీషు కాగితమూ, రెండు వందల రూపాయలూ పంపింది. వాటిని తెచ్చినవాడు గని గుమాస్తా మహానంది. కంబన్న పెండ్లాం గురమ్మ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. "అయివారు చూసి చెప్పినాంకనే ఏలిముద్ర" అని మహానందిని వెంటబెట్టుకుని నేరుగా మిషను బడికొచ్చింది.

ఆ ఊళ్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాడు మిషను బడి అయివారు దావీదురాజు ఒక్కడే. తాలూకా నోటీసు వచ్చినా, పటాలం నుంచి జాబు వచ్చినా ఆయన గడప తొక్కవలసిందే. ఆ గౌరవం ఆయనకు జీతం కంటే ముద్దు.

"సదివేదానికి ఏముండాది అయివారూ? ఈ రెండునూర్లతో సరి. ఇంగ రాదు. అదే రాసుండారు," అన్నాడు మహానంది.

మహానంది పేరెత్తితేనే దావీదురాజుకు గిట్టదు. కూలోళ్ల దినాలు తక్కువ రాసి కోత పెడతాడని ఊరంతా తిట్టుకునే మనిషి. వాడి నోట నిజం వస్తుందని ఆయనకు తోచనే లేదు. కాగితం మీద 'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్' అని ఉంది. మొదటి రెండు మాటలూ తెలుసు. మూడోదాని దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అదీ తెలిసిన మాటే. సర్కారువాళ్లు పొలాలు కొలిచి ఎకరాకు ఇంత శిస్తు అని ఖాయం చేసిపోతే దాన్ని సెటిల్మెంటనే అంటారు కదా!

"తప్పు మహానందీ," అన్నాడు గట్టిగా. "సెటిల్మెంటంటే ఖాయం చేసేది. సర్కారు చేసేది ఏటేటా తీసుకునేదానికి. కంపెనీ చేసింది ఏటేటా ఇచ్చేదానికి. ఇది మొదటి ఏడుది. ఎయ్యి గురమ్మా ఏలిముద్ర."

మహానంది నకలొకటి ఆయన బల్ల మీద పెట్టి, ఏలిముద్ర పడిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వచ్చిన పని అయిపోయింది, ఇంక ఆయనతో వాదమెందుకు?

పదైదు దినాల తర్వాత దావీదురాజు జీతం కోసం జమ్మలమడుగు మిషను బంగళాకు పోయాడు. జీతమిచ్చే గుమాస్తా వచ్చేదాకా పొద్దుపోక అక్కడి పెద్ద నిఘంటువు తిరగేస్తూ, తన అర్థం తానే చూసుకుని మురిసిపోదామని 'సెటిల్' దగ్గర ఆగాడు. గూట్లో వాలు. ఒకచోట నిలకడగా కాపురముండు. మడ్డి అడుగుకు దిగు. తగవు తీర్చు. ఇక్కడిదాకా చదివేటప్పుడు ముఖం వెలుగుతూనే ఉంది. ఆ కింద ఉంది అసలుది: బాకీ చెల్లించు, తీర్చివేయు, ఇక అడిగేందుకు లేకుండా చేయు. దానికి సాటి మాటలు పే, క్లియర్, డిస్చార్జ్ అని వరసగా ఇచ్చారు. ఎన్నిసార్లు చదివినా అదే. మహానంది చెప్పిందే.

బస్సులో వస్తున్నంతసేపూ గురమ్మకు ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకున్నాడు. దిగేసరికి ఆమె బడి అరుగు దగ్గరే కాచుకుని ఉంది. పక్కన నలుగురు పెద్దమనుషులు.

"అయివారూ, రెండెకరాల రేగడి గుత్తకొస్తాండాది. గుత్త దుడ్డు ఏడాది తిరిగినాంక కట్టల్ల. కంపెనీ దుడ్డు వస్తే దాంతో కట్టేస్తా. పట్టమంటావా?"

నలుగురూ ఆయన వైపే చూస్తున్నారు. "పట్టు గురమ్మా," అన్నాడు దావీదురాజు.

తర్వాత చెప్పడానికి ప్రతిదినమూ ఒక అదనే. చెప్పని దినమల్లా మరుసటి దినాన్ని ఇంకొంచెం బరువు చేసింది. వానలు మొగం చాటేశాయి. ఆ ఎండిన చేలోంచే గురమ్మ చేరెడు కొర్రలు దంచి తెచ్చి, "మా అయివారికి" అని ఇంట్లో పెట్టిపోయేది. ఆయన భార్య వండి వడ్డిస్తే, కడుపులో నొప్పని లేచిపోయేవాడు.

కాగితం వచ్చి ఏడాది నిండినాక గురమ్మ వచ్చింది.

"జాబు రాలేదే అయివారూ? గుత్త దుడ్డుకని చేనిచ్చినాయప్ప వాకిట్లో కూచున్నాడు."

ఆయన చెప్పేశాడు. తల వంచుకుని, ఒక్క గుక్కలో. ఆమె అంతా విని ఒకటే అడిగింది:

"నీకెప్పుడు తెలిసె?"

"పదైదు దినాలకే."

"అంటే నేను గుత్తకు పట్టేటప్పుడు..." అని ఆగిపోయింది. "నిన్నడిగే పట్టినానే!"

కేకలేసినా బాగుండేది. ఆమె కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

మరుసటి దినం దావీదురాజు ఆ కాగితం నకలు పట్టుకుని కడపలో ఒక వకీలు దగ్గరికి పరుగెత్తాడు. వకీలు చదివి నవ్వాడు. "ఈ ఏలిముద్ర చెల్లదయ్యా. పనిలో చచ్చిపోతే కంపెనీ ఆ పరిహారాన్ని సర్కారు కమిషనరు దగ్గర కట్టాల, చేతికిస్తే కాదు. తొమ్మిది వందలు రావాల్సింది. అయితే చచ్చిపోయిన ఏడాదిలోగా అడగాల. నెల దాటిపోయింది."

దావీదురాజు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. ఏలిముద్రే చెల్లదంటే, తప్పు అర్థం చెప్పినందువల్ల ఆమెకు పోయిందేమీ లేదు. పోయిందంతా తాను నోరు మూసుకున్నందువల్లే.

"ఆలస్యానికి గట్టి కారణముంటే వింటారు. ఏమని రాయల్ల?" అన్నాడు వకీలు.

"కారణం నేనని రాయండి."

గురమ్మ ఏలిముద్ర వేయించి వకీలు పంపిన అర్జీ కర్నూలులో విచారణకొచ్చింది. అప్పుడు అదే రాష్ట్ర రాజధాని. సగం కచేరీలు డేరాల్లోనే. అటువంటి డేరా ఒకదానిలో కమిషనరు ముందర కంపెనీ తరఫున మహానంది, ఇవతల గురమ్మ, దావీదురాజు నిలబడ్డారు.

"నీవేం చెప్పినావు ఆమెకు?" అని కమిషనరు మహానందిని అడిగాడు.

"ఇంగ రాదని చెప్పినా సామీ. అయివారు కాదన్నారు."

"పదిహేను రోజులకే తెలిసిందని రాశారు. ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

భయపడ్డానని చెప్పొచ్చు. తీరిక దొరకలేదని చెప్పొచ్చు. దావీదురాజు పెదవులు తడుపుకున్నాడు. "చెబితే మహానందికి తెలిసింది నాకు తెలియదని ఒప్పుకోవాల్సొస్తుందని, సార్."

కమిషనరు ఆ మాట రాసుకున్నాడు. మహానంది నేల చూశాడు.

ఆలస్యాన్ని మన్నించి అర్జీ తీసుకున్నారు. రెండు నెలలకు తీర్పయింది. ముందిచ్చిన రెండు వందల్లో చట్టం ఒప్పేది నూరే కాబట్టి, అంతమాత్రం మినహాయించి ఎనిమిది వందలు. గుత్తకు కావలసింది ఒకేసారి, తక్కినది నెలకు ఇరవై చొప్పున పోస్టాఫీసులో.

తీర్పు విని తిరిగొచ్చేటప్పుడు బస్సు కోయిలకుంట్లలో ఆగితే దావీదురాజు బొరుగుల పొట్లం కొని తెచ్చి ఆమెకు చాపాడు. "వద్దు అయివారూ" అని, ఆమె మూటలోంచి తన రొట్టె తీసుకుంది. రానూపోనూ టిక్కెట్టు కూడా తనది తానే కొనుక్కుంది.

ఆ పిమ్మట కర్నూలు నుంచి ఏ కాగితం వచ్చినా గురమ్మ గని దారి పట్టి మహానంది దగ్గరికే పోయేది. వాడికి ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఒకనాడు ఆమె ఎదురైతే దావీదురాజు ఉండబట్టలేక అడిగాడు: "నాకిచ్చింటే సదివేవాణ్ణి గదా గురమ్మా?"

"నువ్వు సదువుతావులే అయివారూ. సదివింది చెప్పల్ల గదా," అంది ఆమె, కోపం లేకుండానే. కడవ చంకకెత్తుకుని నీళ్లకు పోయింది.