ఓడ మీద కూలి పని

బుగ్గయ్య, బుగ్గమ్మల కథ చిన్నది. పీరయ్య బండి దగ్గర తీసుకున్న టీ చల్లారేలోగా అయిపోతుంది. అయితే ముందు ఆ టీ గురించి చెప్పాలి. అందులో పాలున్నాయని పీరయ్య తప్ప ఎవరూ నమ్మరు. అశోక్ నగర్‌లో గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్ళు ఆ టీ తాగుతూ సముద్రాల లోతులు అప్పజెబుతుంటారు. ఒక్కడికీ ఈత రాదు.

పక్కనే కూలీల అడ్డా. పొద్దున ఆరింటికి పాలమూరు వాళ్ళు వచ్చి నిలబడితే, మేస్త్రీలు గట్టివాళ్ళను ఏరుకుపోతారు. పదింటికి మిగిలినవాళ్ళు చిక్కడపల్లి టాకీసుకు మార్నింగ్ షో చూడ్డానికి పోయేవాళ్ళు. తొంభై నాలుగులో అక్కడ ఒకటే సినిమా, సముద్రపు దొంగలది. తెర నిండా గీతలు వానలా పడేవి. ఇంగ్లీషు ఎవరికీ రాదు. అయినా ఆరు నెలలు ఆడింది.

"గా దొంగలే నయం. దోచింది అందరు సమానంగ పంచుకుంటరు. మన మేస్త్రీలు పంచుతరా?" అనేవాడు రాములు. రాములు అంతకుముందు మేస్త్రీయే. అప్పుడు ఎవరికీ ఏమీ పంచలేదు.

తుఫాను సీను రాగానే ఓడ కెప్టెన్ తెర అంచుకు వచ్చి, ముందు బెంచీల వైపు వేలు చూపేవాడు. నలుగురైదుగురు లుంగీలు ఎగ్గట్టి తెరలోని ఓడ ఎక్కి, తాళ్ళు లాగి, ఆట అయ్యేలోగా కూలి కింద ఎండుచేపలతో దిగేవాళ్ళు. మేనేజరు రాఘవేందర్ గారికి ఆ వాసన పడదు. ఆయన శాకాహారి, ఆదివారాలు తప్ప.

బుగ్గయ్య కట్టడం మీది నుంచి పడి కాలు పోగొట్టుకున్నాడు. ఎనిమిది నెలలుగా అడ్డా మీద ఎవరూ పిలవలేదు. సినిమాలో చెక్క కాలువాడు ఉన్నా, కెప్టెన్ కూడా పిలవలేదు. బుగ్గయ్య ఏమీ అనుకునేవాడు కాదు. ఈమధ్య ఆకలైందో లేదో కూడా ఎవరైనా అడిగితేగాని తెలిసేది కాదు. భార్య బుగ్గమ్మే తట్టలు మోసి ఇద్దరికీ వండేది.

"ఈ వారం చూస్త. పని దొరకకుంటె ఊరికి పంపిస్త నిన్ను" అందామె.

ఊళ్ళో బావి ఎండి మూడేళ్ళు. "సరే" అన్నాడు.

గురువారం ఆ సినిమాకు అక్కడ ఆఖరి ఆట. బుగ్గమ్మ పని మానుకుని మొగుడి వెంట వచ్చింది. తుఫాను రాగానే లేచి నిలబడింది.

"సారూ, గా చెక్క కాలాయన లెక్కనే మా ఆయన. జర తీస్కోండ్రి!"

కెప్టెన్ బుగ్గయ్యను చూశాడు. తర్వాత బుగ్గమ్మ చేతులు చూశాడు. వేలు ఆమె వైపు చూపాడు.

"నన్నా? నేనొస్తె ఇంట్ల ఎవరు వండుతరు?"

"పోవే! గాడ నిన్ను ఎవరు వండమనరు" అంది వెనక నుంచి పల్లీలమ్మే ఈదమ్మ.

బుగ్గమ్మ మొగుడి వైపు తిరిగింది. "పోవాల్నా?"

"నీ ఇష్టం."

ఆమె కొంగు నడుముకు చుట్టి ఎక్కింది. ఆట అయ్యేసరికి మిగతావాళ్ళు దిగారు. ఆమె దిగలేదు. చుక్కాని ఆమె చేతిలో ఉంది. కెప్టెన్ పక్కన నిలబడి దారి అడుగుతున్నాడు.

మర్నాడు సినిమా రీళ్ళ డబ్బా బస్సులో కరీంనగర్ పోవాలి. చూస్తే దాని మీద బుగ్గయ్య కూర్చుని ఉన్నాడు.

"లే బుగ్గయ్యా, బస్సు పోతది" అన్నారు రాఘవేందర్ గారు.

"నేను గూడ పోత. మా ఇంటామె ఉంది లోపల."

"డబ్బా ఎంట తిరుగుడు గూడ ఒక పనే. ఇంత బరువు మోయనీకె కాలొద్దా?"

"బస్సు మోస్తది గద సారూ."

రాఘవేందర్ గారు అతనికి ఆ పని ఇచ్చారు.

ఇప్పుడు జగిత్యాల, మంచిర్యాల, ఎక్కడ ఆ సినిమా ఆడినా డబ్బాతో బుగ్గయ్యే దిగుతాడు. బస్సులో దాన్ని ఆడవాళ్ళ సీట్లో పెట్టి, తను వెనక నిలబడతాడు. కండక్టర్లు ఇద్దరికీ టికెట్ కొడతారు.