ఉగ్గుగిన్నె

ఊళ్లో ఉన్న డీజిలు పంపులన్నీ రొయ్యల చెరువుల మీదికి పోయాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. తుపాను వెలిసిన మర్నాడు, మంగళవారం, తెల్లారీ తెల్లారకముందే జ్ఞానప్రకాశం సైకిలు తీసి రామచంద్రపురం దాకా వెళ్లి, కనపడ్డ వాణ్నల్లా అడిగి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. డెబ్భై రెండేళ్ల మనిషి. ఆ బురదలో సైకిలు తొక్కింది తక్కువ, మోసింది ఎక్కువ. కరెంటు మోటారు ఉంది కదా అంటారేమో, స్తంభాలే చేలల్లో బోర్లా పడుకుంటే మోటారును చూసుకుంటూ కూర్చోవాలా? రొయ్యకి ఊపిరాడట్లేదంటే ఊరంతా పరిగెడుతుంది. వరిచేను మునిగితే మాత్రం గట్టు మీద నిలబడి అయ్యో అంటారు. అంతే.

మునిగింది రెండెకరాలు. సొంతం కాదు, మాణిక్యాంబ గారిది. ఆవిడ భర్త తాతాజీ గారు బతికున్న రోజుల్నించీ జ్ఞానప్రకాశమే కౌలుకి చేస్తున్నాడు. సార్వా పంట, అంటే వానాకాలపు వరి, మరో వారంలో కోత. ఆదివారం రాత్రి గాలికి మొత్తం పడిపోయింది, దాని మీద మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. వెన్నులు నీళ్లలో రెండు మూడు రోజులు నానితే గింజ అక్కడికక్కడే మొలకెత్తుతుంది. ఆ తరవాత ఇక దాన్ని కోసేవాడూ ఉండడు, కొనేవాడూ ఉండడు.

పోనీ ఒక పంటే కదా పోతే పోయిందిలే అనుకోవడానికి కూడా లేదు. మాణిక్యాంబ గారి కొడుకు హరిబాబు కాకినాడలో ఆఫీసు ఉద్యోగం చేస్తూ రెండేళ్ల నుంచీ ఈ రెండెకరాల్లో రొయ్యల చెరువు తవ్వించేస్తానని కూర్చున్నాడు. చుట్టూ మూడు వైపులా చెరువులే మరి. ఆవిడ ససేమిరా అంది. ఆ చెరువుల వల్ల పెరట్లో బావి నీళ్లు అప్పటికే ఉప్పెక్కి కూరకి పనికిరాకుండా పోయాయి. చివరికి తల్లీకొడుకుల మధ్య ఒక మాట కుదిరింది. ఈ సార్వా ఇంటికొస్తే చేను చేనుగానే ఉంటుంది, ప్రకాశమే చేసుకుంటాడు. రాకపోతే హరిబాబు ఇష్టం. ఆ మాట జ్ఞానప్రకాశం ఎదుటే అనుకున్నారు, వీధరుగు మీద. తలూపి వచ్చాడు. ఊపక ఏం చేస్తాడు?

ఇక మిగిలింది ఒక్కటే, తాతాజీ గారి ఇంజను. చేని చివర, మురుగుకాలువ గట్టు మీద రేకుల షెడ్డులో ఉంది. తాతాజీ గారి నాన్నగారు ఎప్పుడో కాకినాడ రేవులో పాత సామాను వేలంలో కొన్నారు. ఇటో చక్రం, అటో చక్రం, ఒక్కోటి నడుమెత్తు, పక్కనే అది ఆడించే నీళ్ల పంపు. దాని సిలిండరు నెత్తిన ఒక ఇత్తడి గిన్నె ఉంటుంది, కోడిగుడ్డు పట్టేంత. గిన్నె అడుగున చిన్న కుళాయి. చల్లారి ఉన్న ఇంజను ఊరికే తిప్పితే లేవదు. ముందు ఆ గిన్నెలో కాస్త పెట్రోలు పోసి, కుళాయి తిప్పి సిలిండరులోకి దింపి, మళ్లీ కుళాయి బిగించి, అప్పుడు చక్రం తిప్పాలి. లోపల ఒక్క పేలుడు పేలిందా, ఇక దాని పాటికది ఆడుతుంది. పసిపిల్లకి ఉగ్గు పోసినట్టుందని తాతాజీ గారు దాన్ని ఉగ్గుగిన్నె అనేవారు. ఊరంతా అదే పేరు పట్టుకుంది.

కరెంటు మోటార్లు వచ్చాక దాన్ని ఎవరూ ఆడించలేదు. పద్దెనిమిదేళ్లయింది. కానీ ఒక్క దసరా కూడా తప్పలేదు. ఆయుధపూజ నాడు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతివ్వడం మాణిక్యాంబ గారి వంతు. జ్ఞానప్రకాశం లూథరన్ సంఘంలో పెద్ద. ఆదివారం గుళ్లో వాక్యం చదివే మనిషి, బొట్లకీ హారతికీ ముందుకి రాడు. మరి చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకోగలడా, అది తన చేతి మీద ఆడిన ఇంజను! అందుకని తోమడం తన వంతు చేసుకున్నాడు. ముందురోజే వెళ్లి, ఇంజనుకి నూనె పోసి, చక్రం నాలుగు చుట్లు తిప్పి, ఉగ్గుగిన్నె ఊడదీసి, కుళాయిలో తిరుగుతూ దాన్ని తెరిచి మూసే మరని కూడా పైకి లాగి, చింతపండూ మెత్తటి ఇటుకపొడీ వేసి బంగారంలా మెరిసేదాకా తోమేవాడు. పూజ మొదలయ్యే వేళకి షెడ్డు బయట నిలబడేవాడు. ఆ తోమడమే ఆయన పూజ అని రూతు వేళాకోళం చేసేది. రూతు ఆయన భార్య.

"షెడ్డు తాళం ఇప్పించండమ్మగారూ" అన్నాడు మాణిక్యాంబ గారింటికెళ్లి.

"ఆ ఇంజనా! అది లేస్తుందంటావా ప్రకాశం?"

"లేవకేం చేస్తాదండి. మొన్న దసరాకి కూడా తిప్పాను కదండీ, ఎక్కడా పట్టెయ్యలేదండి."

"పెట్రోలు నేను తెప్పిస్తాను. హరిబాబు గురువారం వస్తానని ఫోన్ చేశాడు. వాడొచ్చేసరికి అది చేనులా కనపడాలయ్యా" అందావిడ. ఆవిడ గొంతులో భయం విని జ్ఞానప్రకాశానికి తన భయం ఇంకాస్త పెరిగింది.

తూము మూసి, గట్టుకి పడ్డ గండ్లన్నీ బస్తాలతో కట్టి, బావమరిది జీవరాజుని చక్రం దగ్గర నిలబెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకున్నాడు. గిన్నెలో పెట్రోలు పోశాడు, కుళాయి తిప్పాడు, బిగించాడు. "కానియ్" అన్నాడు. జీవరాజు తిప్పాడు. చక్రం తిరిగింది, ఆగింది. ఇంజను ఉస్సుమంది తప్ప పలకలేదు.

మంగళవారమంతా అదే వరస. నిప్పురవ్వ వస్తోందా అని చూశాడు, భేషుగ్గా వస్తోంది. లోపల గాలి బిగువు నిలవడం లేదని చేతికి తెలుస్తూనే ఉంది. ఎటు నుంచి పోతోంది? రింగులు అరిగాయేమోనని సిలిండరులో చిక్కటి ఆయిలు పోశాడు. కాదు. వాల్వులు విప్పాడు, మసి గీకాడు, నూరాడు, బిగించాడు. అదీ కాదు. ఉగ్గుగిన్నె వంక మాత్రం ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు. ఎందుకు చూస్తాడండీ? ఆ తుప్పుముద్దలో కొత్తదానిలా మెరుస్తున్నది అదొక్కటే. "దీనికేం, దివ్యంగా ఉంది" అని జీవరాజుతో రెండుసార్లు అన్నాడు కూడా. చీకటి పడేసరికి జీవరాజు అరచేతులు బొబ్బలెక్కాయి. చేలో నీళ్లు అంగుళం కూడా కదల్లేదు.

బుధవారం పొద్దున రూతు గంజి తెచ్చింది. ఆయన కళ్లు చూసి, పెట్రోలు తనే పోస్తానని గరాటు పుచ్చుకుంది. పోసింది. కుళాయి ఇంకా తిప్పలేదు. ఆ సంగతి చూసుకోకుండా జీవరాజు తొందరపడి చక్రం లాగేశాడు.

"ఏవండీ, ఇటు చూడండి" అంది రూతు. "కుళాయి మూసే ఉంది కదా, పెట్రోలు బుడగలేస్తుందేంటి?"

వంగి చూశాడు. చక్రం తిరిగినప్పుడల్లా గిన్నెలో పెట్రోలు కుతకుత ఉడికినట్టు ఉడుకుతోంది. లోపలి గాలంతా ఆ మూసిన కుళాయి సందులోంచే పోతోంది. మర పైకి లాగితే చేతికి ఊరికే వచ్చేసింది. ఒకప్పుడు పట్టుకారు వేస్తే గానీ కదిలేది కాదు. అద్దంలా మెరుస్తోంది. అరిగి, సన్నబడి, ఆ రంధ్రంలో వదులుగా వేలాడుతోంది.

ఎవరరగదీశారు? ఇంకెవరు, తనే. చింతపండు తెచ్చింది తనే, ఇటుక నూరింది తనే, పైపైన తోమితే చాలదని మర లోపలంటా తోమింది తనే. నలభై దసరాలు. ఆడని ఇంజను అరగదు కదా, కానీ ఆడని పద్దెనిమిదేళ్లు కూడా కూర్చోబెట్టి అరగదీశాడు. జ్ఞానప్రకాశం ఆ మర చేత్తో పట్టుకుని నేల మీద కూలబడిపోయాడు.

సంగతి విని మాణిక్యాంబ గారు గట్టు మీదికొచ్చింది. మర తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఎంత బాగా తోమేవాడివి ప్రకాశం! అయ్యగారు ఊరందరినీ పిలిచి చూపించేవారు" అంది. ఓదార్చడానికే అంది పాపం. దానికంటే ఆవిడ తన చెంప మీద ఒకటి కొట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

రామచంద్రపురంలో బైకు మెకానిక్ దగ్గర్నుంచి జీవరాజు వాల్వులు నూరే పేస్టు తెచ్చాడు. మర మళ్లీ రంధ్రానికి సరిగ్గా కూచునేదాకా అటూ ఇటూ తిప్పుతూ, తుడుస్తూ, మళ్లీ తిప్పుతూ మధ్యాహ్నం దాకా కూచున్నాడు జ్ఞానప్రకాశం. అన్నం ముట్టలేదు. గిన్నెలో పెట్రోలు పోసి చక్రం తిప్పి చూస్తే ఈసారి ఒక్క బుడగ లేదు.

కుళాయి తిప్పి పెట్రోలు లోపలికి దింపి బిగించాక జీవరాజు చక్రం లాగాడు. డుబ్మంది. జీవరాజు కెవ్వుమని వెనక్కి గెంతాడు. మళ్లీ డుబ్మంది, ఇక ఆగలేదు. రేకులు దడదడలాడాయి. పైపులోంచి మనిషి నడుమంత లావున నీళ్లు మురుగుకాలువలోకి దూకాయి. రూతు స్తోత్రం స్తోత్రం అంటూ ఏడ్చింది. మాణిక్యాంబ గారు ఇంజనుకి దణ్ణం పెట్టి, పక్కనే నిలబడ్డ జ్ఞానప్రకాశానికి కూడా పెట్టబోయి, ఆయన కంగారుపడి రెండడుగులు వెనక్కేస్తే నవ్వేసింది. ఆ రెండ్రోజుల్లో వాళ్లు నవ్వింది అప్పుడొక్కసారే.

రాత్రంతా క్యాన్లతో పెట్రోలు పోస్తూ దాన్ని ఆగనివ్వలేదు. గురువారం పొద్దెక్కేసరికి ఎత్తుగా ఉన్న మూల బయటపడింది. జ్ఞానప్రకాశం పంచె ఎగ్గట్టి దిగాడు. పడిపోయిన దుబ్బు ఒకటి ఎత్తి, వెన్ను ఒకటి తుంచి, ఎండకేసి పట్టుకున్నాడు. గింజ గింజకీ చివర తెల్లగా, సూదిమొనంత మొలక.

ఇంకో దుబ్బు ఎత్తాడు. ఇంకోటి. చేను మధ్యకి పోయి ఎత్తాడు. అక్కడ మొలక ఇంకా పొడుగ్గా ఉంది. వెనకాలే వచ్చిన రూతు ఒక వెన్ను అరచేతిలో వేసుకుని చూసింది.

"ఇంజను మంగళారమే లేచుంటే?" అంది మెల్లిగా.

"దక్కేది" అన్నాడు. "నేనే తోమి తోమి చంపేశాను రూతూ. ఎవర్ననుకునేది?"

మాణిక్యాంబ గారు గట్టు మీద గొడుగేసుకుని నిలబడి, దిగిపోతున్న నీళ్లని చూసి మురిసిపోతోంది. చెప్దాం, ఇంకో గంటాగి చెప్దాం అనుకుంటూ పంపు దగ్గర పేరుకున్న నాచు తీస్తూ ఉండిపోయాడు.

మూడింటికి హరిబాబు కారు దిగాడు. ప్యాంటు మడిచి గట్టెక్కి, చేనంతా కలయజూసి, మొహం చేటంత చేసుకున్నాడు.

"అబ్బో! నీళ్లు భలే తీశారండీ ప్రకాశం గారూ! ఊళ్లో ఎవరి చేనూ ఇలా తేలలేదు." వంగి వెన్ను ఒకటి అందుకున్నాడు. చూశాడు. తల్లి చేతికిచ్చాడు. "అమ్మా, మొలకొచ్చేసింది."

మాణిక్యాంబ గారు కళ్లజోడు సవరించుకుని చూసింది.

"నువ్వు చూశావా ప్రకాశం?"

"చూశానండి. పొద్దున్నే చూశానండి."

"మరి చెప్పలేదేం నాయనా?"

ఆవిడ వెన్నుని కొంగు చివర ముడేసుకుని, "సరే, నీ ఇష్టంరా" అని కొడుకుతో అని, గట్టు వెంబడి ఇంటికేసి నడిచింది. చేతిలో గొడుగు మూసే ఉంది, ఎండ చురుక్కుమంటోంది, వేసుకోవాలని కూడా తోచలేదు.

హరిబాబు చెడ్డవాడేం కాదు. జ్ఞానప్రకాశం భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకండి ప్రకాశం గారూ, తుపానుకి మనమేం చేస్తాం. కానీ మీరు చేసింది మామూలు సాయం కాదండి. నీళ్లున్న మడిలోకి మిషను దింపనన్నాడు చెరువు తవ్వే పొక్లెయిన్ వాడు, నెల్లాళ్లాగమన్నాడు. మీ పుణ్యమా అని రేపే దింపెయ్యొచ్చు. ఊట మళ్లీ ఎక్కకుండా ఇంజను రేపు పొద్దుటిదాకా ఆపకండి, పెట్రోలు నేను పంపిస్తాను."

"ఆయ్" అన్నాడు జ్ఞానప్రకాశం. నలభై ఏళ్లుగా ఆ ఇంటి వాళ్లు ఏం చెప్పినా ఆ నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే. ఇప్పుడూ అదే వచ్చింది.

కారు వెళ్లిపోయింది. రూతు వచ్చి ఆయన చేతిలో క్యాను పట్టుకుంది.

"ఆపెయ్యండి. ఇంకా ఎవరి కోసం ఆడిస్తారు దీన్ని? మన చేను తవ్వడానికి మనమే ఆరబెట్టి ఇస్తామా?"

ఆయన ఆమెకేసి చూశాడు, చేనుకేసి చూశాడు. నీళ్లు తేలిపోయి, రెండెకరాలూ ఎండలో పసుపుపచ్చగా, మొలకలేసుకుని పడుకుని ఉన్నాయి.

"ఆపితే చేను మునిగిపోద్దే" అని, క్యాను మూత తీశాడు.