బోదగడ్డికి నిప్పు

తిమ్మక్కకు భయం లేని పూటంటూ లేదు. కొడుకు యతీశ్ ఒకసారి ఫోను ఎత్తకపోతే బండి లారీ కింద పడిందనుకుంటుంది. ఆవు దగ్గితే ఇక బతకదనుకుంటుంది. అందుకే ఇంట్లోవాళ్లు ఆమెకు ఏ సంగతీ పూర్తిగా చెప్పరు.

రాయకోట పక్కన వాళ్ల పల్లె. ఊరి వెనక కొండ వాలంతా నడుమెత్తు బోదగడ్డి. ఉగాదికి ముందు ఆ ఎండుగడ్డిని కాలిస్తే తొలి వానకు లేత పచ్చిక లేస్తుంది, పశువులు దాంతో తేరుకుంటాయి. తాతల నాటి పని అది. ఇప్పుడు ఫారెస్టువాళ్లు వద్దన్నారు. కౌజుపిట్టలు గుడ్లు పెట్టే చోటు, ఏనుగులు దాటే దారి, నిప్పు పెడితే జైలే అన్నారు. మేపుకోవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. ముదిరిన ఆ గడ్డిని ఏ పశువు కొరుకుతుంది? తిమ్మక్క ఆవుల డొక్కలు లోపలికి పోయాయి. పైగా పోయిన నెల ఆ గడ్డిలోంచే చిరుత వచ్చి పొరుగింటి దూడను ఈడ్చుకుపోయింది.

"ఈ ఏడు ఎట్లయినా కాల్చాల," అని భర్త రామచంద్రప్ప ఒకనాడు అన్నాడు. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. మొగుణ్ణి పట్టుకున్నట్టూ, కొట్టినట్టూ, క్రిష్ణగిరి కోర్టు మెట్ల మీద తాను కూర్చుని ఏడుస్తున్నట్టూ కళ్లకు కట్టేది. తర్వాత ఎప్పుడు అడిగినా ఆయన "చూద్దాంలే" అని మాట దాటేశాడు. అంటే చెప్పకుండా పోతాడన్నమాట.

ఒక్క యతీశ్ విషయంలోనే ఆమెకు కొంచెం నిమ్మళం. ఫారెస్టులో టెంపరరీ పని. "కెలవరపల్లి డ్యాం కాడ నర్సరీమా. మొక్కలకు నీళ్లు పోసేదే. అంతా నీడ," అని చెప్పాడు.

ఆ రోజు చొక్కా ఉతకబోతే రామచంద్రప్ప జోబులో అగ్గిపెట్టె దొరికింది. బీడీ కూడా తాగని మనిషికి అగ్గిపెట్టె ఎందుకు? గడ్డి కాల్చడానికే. మగవాడైతే జైల్లో వేస్తారు. పుల్లలేరుకునే ఆడదాన్ని ఎవరు అనుమానిస్తారు? ఆయన పోకముందే తానే ఆ పని చేసేస్తే సరి. తిమ్మక్క అగ్గిపెట్టె చీర ముడిలో దోపుకుని, కొడవలి పట్టుకుని బయలుదేరింది.

దారిలో ఎదురైన ఊరి చిక్కమ్మ నవ్వింది. "ఏం తిమ్మక్కా, చిరుతంటే పంచె తడుపుకునే మనుషులుండారు ఊర్లో. నువ్వు ఒంటిగా కొండెక్కతా ఉండావే!"

"పొయ్యిలోకి పుల్లలు లేవు మే," అంది తిమ్మక్క.

మధ్యాహ్నం గార్డులు అన్నానికి దిగుతారని ఆమె లెక్క. మగవాళ్లు కాల్చేటప్పుడు మంచు తడి ఆరకముందే పోతారు. మంట దాటకుండా ముందు చుట్టూ గడ్డి కోసి బాట తీస్తారు. రెండూ ఆమెకు గుర్తు రాలేదు. పుల్ల గీసింది. గాలి కింది నుంచి పైకి కొట్టింది. మంట పాకలేదు, దూకింది.

వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేసరికి రామచంద్రప్ప తొట్టి కాడ ఆవును కడుగుతున్నాడు. కొండ మీద లేచిన పొగ చూసి చేతిలోని చెంబు వదిలేశాడు.

"ఎవరు మే పెట్టింది?"

"నేనే పెట్టినాను. నువ్వు పోతావని. నీ జోబులో అగ్గిపెట్టె చూసినాను."

"అది వినాయకుడికి కర్పూరం వెలిగించేదానికి! బిడ్డ చల్లగా ఉండాలని! ఆ కొండ మీద నిప్పు కాపలాకు వేసినారు వాణ్ణి. నువ్వు భయపడతావని నీకు చెప్పలేదు. వాడు ఆడుండాడనే కదా నేను కాల్చకుండా ఆగింది!"

తిమ్మక్కకు అరుపు కూడా రాలేదు. జీవితమంతా లేనివాటికి అరిచింది. కొండకేసి పరిగెత్తింది. వెనక మొగుడు, ఊరివాళ్లు పచ్చి బందారు పొదల కొమ్మలు విరుచుకుని మంట కొట్టి ఆర్పడానికి వస్తున్నారు.

వాలంతా నల్లగా పొగలు కక్కుతోంది. కాలిన పిట్ట ఒకటి కాళ్లకు తగిలింది. చెప్పు అడుగు కరిగి బూడిదలో అంటుకుంటే అక్కడే వదిలేసింది. గార్డు పరశురామ్ దగ్గుతూ ఎదురొచ్చాడు.

"నా కొడుకు యాడప్పా?"

"మంట అవతలికి దాటకుండా గడ్డి కోస్తానని వంక పక్కకు పోయినాడమ్మా. పిలిస్తే పలకలే. మీరు పోవద్దు, ఆడ ఇంకా మండతా ఉంది!"

ఆమె ఆగలేదు. "యతీశా! నాయినా!" పొగలోకి అరిచింది. ముండ్ల కంపలు చీర లాగాయి. ఏ బండ పక్క చూసినా వాడే పడి ఉన్నట్టు అనిపించింది. దేవుళ్లకు మొక్కుకోబోయింది. నిప్పు పెట్టిన చేతులతో ఏమని మొక్కేది?

ఎండిపోయిన వంకలో, బండను ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు లేవు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. అరచేతుల తోలు ఊడి వేలాడుతోంది. ఆమెను చూసి లేవబోయాడు.

"నువ్వెందుకొచ్చినావమా? ఏమీ కాలేదు. రవ్వంత వేడి తగిలింది, అంతే."

ఫారెస్టు జీపులో క్రిష్ణగిరి ఆస్పత్రికి బయలుదేరారు. పరశురామ్ ముందు సీట్లో. వెనక కొడుకు పక్కన తిమ్మక్క. ఎక్కడ ముట్టుకున్నా నొప్పి పుడుతుందేమోనని చేతులు గాల్లోనే పెట్టుకుంది. గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా వాడి దవడ బిగుసుకుంటోంది.

"మండతా ఉందా నాయినా?"

"లేదుమా. చల్లగానే ఉంది."

ఇన్నాళ్లూ ఇలాగే చెప్పాడు. ఇన్నాళ్లూ ఆమె దాన్ని పట్టుకునే బతికింది. నడుము దగ్గర చీర ముడిలో అగ్గిపెట్టె ఒత్తుకుంటోంది. తీసి సీటు మీద పెట్టింది.

"ఆ నిప్పు పెట్టింది నేనే నాయినా. నువ్వు ఆడుండావని నాకు తెలీదు."

ముందు సీట్లో పరశురామ్ తల తిప్పి చూశాడు. చూస్తే చూడనీ. యతీశ్ అగ్గిపెట్టె వైపు, తర్వాత తల్లి వైపు చూశాడు. వాడి పెదవులు చిన్నపిల్లవాడివిలా వంకర పోయాయి.

"శానా మండతా ఉందమా," అన్నాడు. "తట్టుకోలేకపోతా ఉండా."